అమ్మానాన్నల భూటాన్ ప్రయాణానికి ట్రావెల్ డిజైనర్ అవసరమా? 40 వేల ఫీజు దేనికి?

ప్రశ్న: "ఈ కార్తీకంలో అమ్మానాన్నల 40వ పెళ్లిరోజు. నాన్నకి 68, అమ్మకి 63. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. రెండేళ్ల క్రితం యూరప్ గ్రూప్ టూర్‌కి పంపితే 12 రోజుల్లో 7 దేశాలు తిప్పారు. వచ్చాక ఏం చూశారని అడిగితే ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. ఈసారి నెమ్మదిగా, హాయిగా, ఖర్చుకి వెనకాడకుండా భూటాన్ పంపాలనుకుంటున్నాం. 9 రాత్రులు. చివరి మూడు రాత్రులకి నేను డాలస్ నుంచి వచ్చి కలుస్తాను. ఒక ట్రావెల్ డిజైనర్ ట్రిప్ ఖర్చు కాకుండా డిజైన్ ఫీజే 40 వేలు అంటున్నారు. మామూలు ఏజెంట్ అయితే ప్లాన్ ఫ్రీగా ఇస్తున్నాడు. తేడా ఏంటి? నాన్నకి నడక ఇబ్బంది లేదు, రైల్వేలో బ్రిడ్జిల విభాగంలో చేసి రిటైరయ్యారు."

మీరు అడిగిందంతా ఫీజు గురించి. నా కన్ను మాత్రం మీ ఆఖరి వాక్యం మీద పడింది. నాన్నగారు రైల్వేలో వంతెనల పని చేశారు. నడవగలరని చెప్పడానికి మీరు ఆ సంగతి కలిపి రాశారు. నన్నడిగితే ఈ ప్రయాణం మొత్తం ఆ ముక్కలోంచే మొదలవ్వాలి.

ముందు నా సంగతి రెండు మాటల్లో. హైదరాబాద్‌లో ఉంటూ 19 ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. మొదట్లో టికెట్లు, వీసాలు, గ్రూప్ టూర్లు చూసేవాణ్ని. పన్నెండేళ్లుగా ఒక్కో కుటుంబానికి విడిగా ప్రయాణం తయారుచేయడమే నా పని, అంటే నేనూ ట్రావెల్ డిజైనర్‌నే. భూటాన్ నాకు బాగా తెలిసిన దేశం. చలిలో, వానల్లో, వరికోతల్లో, అన్ని కాలాల్లోనూ వెళ్లి ఉండొచ్చాను. మిమ్మల్ని ఫీజు అడిగినవారెవరో నాకు తెలియదు. వారి తరఫున మాట్లాడటం లేదు.

ఇక వంతెనల సంగతి. విమానం దిగే పారో నుంచి రాజధాని థింఫూ వెళ్లే రోడ్డు పక్కన, నదికి అవతలి గట్టున తచోగ్ లాఖాంగ్ అనే చిన్న గుడి ఉంది. అక్కడికి చేరాలంటే నది మీద ఇనుప గొలుసుల వంతెన. దాన్ని మొదట కట్టించింది 15వ శతాబ్దపు బౌద్ధ సిద్ధుడు థాంగ్‌తోంగ్ గ్యాల్పో. టిబెట్, భూటాన్ కొండల్లో నదులు దాటలేక జనం పడే అవస్థ చూసి, ఇనుము పోగుచేయించి, కమ్మరులతో గొలుసులు కొట్టించి ఎన్నోచోట్ల వంతెనలు వేయించాడు. ఆ ఖర్చు కోసం ఊళ్లలో పాటలు, నాటకాలు ఆడించాడని అక్కడ చెప్పుకుంటారు. తచోగ్ వంతెన వరదకు కొట్టుకుపోతే, మరో పాత వంతెన గొలుసులు కొన్ని తెచ్చి కలిపి 2005లో మళ్లీ కట్టారు.

మామూలు టూర్‌లో కారు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. ఫోటో తీసుకుంటారు, కారెక్కుతారు. ఉద్యోగమంతా గర్డర్లు, బేరింగులు, పునాదులు చూసుకున్న మనిషికి పది నిమిషాలు ఎక్కడ సరిపోతాయి? ఆయన మెట్లు దిగి దగ్గరకెళ్లాలి. గొలుసు ఒడ్డున ఎక్కడ బిగించారో చూడాలి. ఒక లంకె చేత్తో పట్టుకుని అతుకు ఎక్కడుందో వెతకాలి. ఆయన అడిగేవాటికి జవాబు చెప్పగల గైడ్ పక్కనుండాలి. ఒక పూట దీనికే ఇవ్వాలి. అమ్మగారు మెట్లు దిగనక్కర్లేదు, రోడ్డు పక్క నుంచే వంతెన, గుడి రెండూ బాగా కనిపిస్తాయి. ఫ్లాస్కులో టీ, ఒక మడత కుర్చీ కారులో ఉంటే ఆమెకీ ఆ పూట బాగా గడుస్తుంది. ఆ కుర్చీ పెట్టించడం డిజైనర్ పని.

పునాఖాలో ఇంకో రెండున్నాయి. కోట ముందు మో ఛూ నది మీద కొయ్య వంతెన. పాతది వరదలకు పోయింది. అదే పద్ధతిలో మళ్లీ కట్టి 2008లో తెరిచారు. నది మధ్యలో స్తంభం ఉండదు. రెండు ఒడ్ల నుంచీ దూలాలు ఒకదాని మీద ఒకటి ముందుకు జరుపుకుంటూ వచ్చి, మధ్య ఖాళీ మీద కప్పు వేశారు. కాంటిలివర్ అంటే నాన్నగారికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి చదునైన దారిలో ఓ ఇరవై నిమిషాలు నడిస్తే ఫో ఛూ మీద 150 మీటర్లు దాటిన వేలాడే వంతెన వస్తుంది. గాలికి ఊగుతుంది, ప్రార్థన జెండాలు టపటపా కొట్టుకుంటుంటాయి, కింద నీళ్లు పచ్చగా పోతుంటాయి. ఇనుప గొలుసు ఒకచోట, కొయ్య ఒకచోట, ఉక్కు తాడు ఒకచోట. ఒకే ప్రయాణంలో మూడు కాలాల వంతెనలు. ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కాదు, ప్రతి టూర్ బస్సూ వీటి పక్కనుంచే వెళుతుంది. మీ నాన్నగారు ఎవరో తెలుసుకున్న మనిషే వీటిని ఒక దండగా గుచ్చగలడు.

కాబట్టి మీ డిజైనర్ గురించి నా మొదటి ప్రశ్న ఇది: ఫీజు చెప్పేముందు నాన్నగారి ఉద్యోగం ఏంటని అడిగారా? అమ్మగారు ఉదయం ఎన్నింటికి లేస్తారు, పూజ ఎంతసేపు చేసుకుంటారు, ఇద్దరిలో ఎవరు ఎక్కువ మాట్లాడతారు, ఎవరికి మధ్యాహ్నం నడుం వాల్చే అలవాటుంది, ఇలాంటివి అడిగారా? నేను కొత్త కుటుంబంతో కనీసం గంటన్నర మాట్లాడతాను. అందులో హోటళ్ల ప్రస్తావన పది నిమిషాలు కూడా రాదు. మిమ్మల్ని బడ్జెట్, తేదీలు మాత్రమే అడిగి ఊరుకున్నారంటే, వాళ్ల కార్డు మీద ఏం రాసున్నా, అది బుకింగ్ పనే.

మీకొచ్చిన ఫ్రీ ప్లాన్ నేను చూడలేదు. బజారులో తిరిగే 9 రాత్రుల ప్లాన్ మాత్రం దాదాపు ఇలా ఉంటుంది: థింఫూ 2, పునాఖా 1, ఫోబ్జిఖా 1, బుమ్‌థాంగ్ 2, వెనక్కి వస్తూ పునాఖా 1, పారో 2. కాగితం మీద నిండుగా కనిపిస్తుంది. ఇందులో పెట్టె సర్దడం ఎన్నిసార్లో లెక్కపెట్టండి. ఆరు గదులు మారాలి. రాత్రి బాత్రూమ్ దీపం స్విచ్ ఎక్కడుందో తెలిసేసరికి ఆ గది వదిలి వెళ్లాలి. 60 దాటినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. థింఫూ నుంచి పునాఖా ఓ 75 కిలోమీటర్లే, కానీ కొండ రోడ్డు మలుపుల్లో రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. మ్యాప్‌లో దగ్గరగా ఉన్నాయని చుట్టేసిన ప్లాన్లు కారులోనే అయిపోతాయి.

నేనైతే మూడు చోట్లే ఉంచుతాను. పునాఖా 4 రాత్రులు, ఫోబ్జిఖా 2, పారో 3. బుమ్‌థాంగ్ వదిలేస్తాను. అది గొప్ప చోటు, కానీ ఈసారి కాదు. థింఫూలో భోజనానికి ఆగుతారు, పడుకోరు.

ఈ వరసకి ఒక కారణం ఉంది. పారో 2,200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. పునాఖా 1,200 చిల్లర. ఫోబ్జిఖా దాదాపు 2,900. విమానం దిగగానే నేరుగా పునాఖా వెళితే మొదటి నాలుగు రాత్రులూ తక్కువ ఎత్తులో, వెచ్చగా నిద్రపడుతుంది. దారిలో దోచులా కనుమ 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ 108 స్తూపాలున్నాయి, ఆకాశం తేరుకుంటే మంచు కొండల వరస కనిపిస్తుంది. టీ తాగి దిగిపోవడమే, అక్కడ రాత్రి ఉండరు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఒంటికి గాలి అలవాటయ్యాక ఫోబ్జిఖా ఎక్కుతారు. అక్కడి నుంచి పారో వచ్చే రోజు ఒక్కటే పొడవు. థింఫూలో భోజనం చేసి, అరగంట నడుం వాల్చడానికి ఒక గది ముందే మాట్లాడి పెట్టాలి. ఆ మర్నాడు ఏ పనీ పెట్టకూడదు.

ఏ పనీ పెట్టని రోజు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నా దృష్టిలో డిజైనర్ పనితనం తెలిసేది అక్కడే. ఐటినరీలో ఆ రోజు ఎదురుగా 'విశ్రాంతి' అని రాసుంటుంది. చాలామంది ఆ మాట రాసి చేతులు దులుపుకుంటారు. దాంతో పెద్దవాళ్లు గదిలో కూర్చుని టీవీ పెట్టుకుంటారు. ఖాళీ రోజుకి ముందే చేయాల్సిన పని చాలా ఉంటుంది, అది చేసినట్టు వాళ్లకి తెలియకూడదు.

కొన్నేళ్ల క్రితం తెనాలి దగ్గర నుంచి రిటైరైన తెలుగు మాస్టారు, ఆయన భార్య పునాఖా వెళ్లారు. మూడోరోజు ఖాళీ. ఆ మధ్యాహ్నం గైడ్, "దగ్గర్లో ఒక రైతు ఇల్లుంది, వేడినీళ్ల స్నానం పెడతారు, వస్తారా" అని మామూలుగా అడిగాడు. భూటాన్‌లో దోత్సో అంటారు. నది రాళ్లను కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, కొయ్య తొట్టిలో ఒక పక్క పలకతో విడదీసిన గదిలోకి పటకారుతో వదులుతారు. సుయ్యిమని ఆవిరి లేస్తుంది, నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి. ఆ నీళ్లలో ఆకులు వేస్తారు. రాళ్లు కాలడానికి గంటలు పడుతుంది కాబట్టి ఆ ఇంటివాళ్లు మధ్యాహ్నం నుంచే మంట పెట్టారు. తొట్టిలోకి దిగడానికి ఎత్తుపీట, పట్టుకోవడానికి ఒక కర్ర కట్టించాం. ఆడవాళ్ల స్నానానికి మాట్లాడుకున్న వేళలో ఆ వైపు మగవాళ్లెవరూ రాకుండా ఇంటావిడే చూసుకుంది. మాస్టారి భార్యకి బీపీ మాత్రలున్నాయని తెలుసు కాబట్టి డాక్టర్‌ని ముందే అడిగించాం. నీళ్లు మరీ కాగకుండా, పది నిమిషాలకు మించకుండా ఉంటే పర్వాలేదన్నాడు.

ఆవిడ తొట్టి దగ్గరికి వెళ్లి వంగి వాసన చూసి, "ఇది మాచిపత్రి!" అన్నారట. నిజంగానే మాచిపత్రి జాతి ఆకే. వినాయకచవితికి 21 పత్రుల్లో మొదట వేసేది. ఇంటావిడ పెరట్లోకి తీసుకెళ్లి మొక్క చూపించి ఒక రెమ్మ తుంచి ఇచ్చింది. ఈవిడ దాన్ని నలిపి వాసన చూసుకుని తలలో పెట్టుకున్నారు. తర్వాత ఆ ఇంటావిడ దోమా పెట్టె తెచ్చింది. వక్క, సున్నం, తమలపాకు. మనకి తాంబూలం ఎలాగో వాళ్లకి దోమా అలాగ, ఇంటికొచ్చినవాళ్లకి ఇస్తారు. వాళ్ల వక్క పచ్చిది, తింటే ఒళ్లు వేడెక్కి తల తిరుగుతుంది. అది గైడ్ ముందే చెప్పాడు కాబట్టి ఈవిడ ఆకు, కాస్త సున్నం మాత్రం తీసుకుని ఈనె తీసి మడిచి చూపించారు. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఆ ఇద్దరూ చీకటి పడేదాకా ఆ అరుగు మీద కూర్చున్నారు. మాస్టారు పొలం గట్టున నడిచొచ్చారు. వాళ్ల ఐటినరీలో ఆ రోజు పక్కన 'విశ్రాంతి' అనే ఉంది.

ఇదంతా జరగాలంటే ఆ ఇల్లు తెలిసిన గైడ్ ఉండాలి, ఆ గైడ్‌తో నాకు ఏళ్ల పరిచయం ఉండాలి. ఆ ఇంటికి నెలకి రెండు మూడు కుటుంబాల కంటే ఎక్కువ పంపకూడదన్న నియమం మేం పెట్టుకున్నాం. బస్సులు వెళ్లడం మొదలైతే ఆవిడ దోమా పెట్టె తీయదు.

ఇక మోకాళ్లు. పారో తక్త్‌సాంగ్, అదే టైగర్స్ నెస్ట్, లేకుండా భూటాన్ ప్లాన్ ఉండదు. 3,120 మీటర్ల ఎత్తులో కొండ చరియకు అతుక్కుని ఉన్న మఠం, 1692లో కట్టడం మొదలుపెట్టారు. 'గుర్రం దొరుకుతుంది' అని బ్రోచర్లలో రాస్తారు. దాన్ని చూసి పిల్లలు నిశ్చింతగా పెద్దవాళ్లని పంపుతారు. గుర్రం ఎక్కేటప్పుడు, అదీ సగం పైదాకానే తీసుకెళుతుంది. దిగేటప్పుడు ఎవరైనా నడిచే రావాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడమే నరకం. సగం దాటాక వందల మెట్లుంటాయి. కాబట్టి అమ్మగారు వెళ్లకూడదు. ఇది మొహమాటం లేకుండా ముందే చెప్పాలి, అక్కడికెళ్లాక కాదు. నాన్నగారు, మీరు చివరి ముందురోజు తెల్లవారుజామున బయల్దేరి వెళ్లొచ్చు. కింద నుంచి కూడా మఠం కనబడే చోట్లున్నాయి, అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లొచ్చు.

ఆ పూట ఆమె కోసం నేను పెట్టేది క్యిచు లాఖాంగ్. 7వ శతాబ్దంలో టిబెట్ రాజు సోంగ్‌త్సెన్ గాంపో కట్టించాడని చెప్పే గుడి, పారో లోయలోనే, చదునైన నేల మీద ఉంది. లోపల నారింజ చెట్టుంది. ఉదయాన్నే ఆ చుట్టుపక్కల ముసలివాళ్లు జపమాలలు పట్టుకుని వచ్చి ప్రదక్షిణలు చేస్తుంటారు, అలసిపోతే గోడవారగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. మన శివాలయంలో కార్తీకంలో కనిపించే దృశ్యమే. కార్తీకం కాబట్టి అమ్మగారు దీపం పెట్టాలనుకుంటారు. అక్కడ వెన్న దీపాలు వెలిగిస్తారు, నిప్పు భయంతో చాలా గుళ్లలో దానికి విడిగా ఒక గది ఉంటుంది. గైడ్ ముందే మాట్లాడి ఉంచితే 40 దీపాలు పెట్టించొచ్చు, ఏడాదికొకటి. పునాఖా కోట లోపలి గుళ్లు కూడా చూడదగ్గవి, 1637-38లో కట్టింది, భూటాన్ ఐదో రాజు పెళ్లి 2011 అక్టోబరు 13న అక్కడే జరిగింది. కానీ లోపలికెళ్లే కొయ్యమెట్లు చాలా నిటారుగా ఉంటాయి. అమ్మగారు నదికి ఇవతల నుంచి చూసినా చాలు.

ఒక చిన్న హెచ్చరిక. పునాఖా దగ్గర చిమి లాఖాంగ్ అనే గుడికి పొలాల మధ్య నుంచి నడిచి వెళతారు. సంతానం కోసం మొక్కుకునే చోటు. అక్కడి సంప్రదాయం ప్రకారం దారిలో ఇళ్ల గోడల మీద పెద్దపెద్ద లింగ చిత్రాలు, మన శివలింగంలా కాదు, ఉన్నదున్నట్టు గీసి ఉంటాయి. అది వాళ్ల నమ్మకం, అందులో తప్పేం లేదు. పెద్దవాళ్లకి ముందే చెప్పి, ఇష్టమైతేనే వెళ్లమనండి.

లగ్జరీ మాటకొస్తే, ఈ రకం ప్రయాణానికి భూటాన్‌లో ఒక దారి వేసింది అమన్‌కోరా. అమన్ రిసార్ట్స్ స్థాపించిన ఏడ్రియన్ జెకా కాలంలో, 2004లో పారోలో మొదలైంది. ఆర్కిటెక్ట్ కెర్రీ హిల్. ఇప్పుడు ఐదు లోయల్లో ఐదు చిన్న లాడ్జీలు. కోరా అంటే ప్రదక్షిణ. అతిథి ఒక చోట నుంచి ఇంకో చోటికి తిరిగి మొదటికి వస్తాడన్నది వాళ్ల ఆలోచన. ఆ స్థాయి లాడ్జీలు రాత్రికి లక్ష రూపాయలు దాటుతాయి. ఖర్చుకి వెనకాడం అన్నారు కాబట్టి చెప్తున్నాను, 9 రాత్రులూ అలాంటి చోట పెట్టకండి. చలి ఎక్కువున్న చోట పెట్టండి. నవంబరులో ఫోబ్జిఖాలో రాత్రి నీళ్లు గడ్డకడతాయి. అక్కడ చవక గదిలో బుఖారీ అనే కట్టెల పొయ్యి ఒక్కటే దిక్కు, కట్టె ఆరిపోయాక తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేవడం 60 దాటినవాళ్లకి కష్టం. ఆ రెండు రాత్రులూ నేల వెచ్చగా ఉండే మంచి లాడ్జి తీసుకోండి. పునాఖాలో ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్ చాలు, మెట్లు లేని గది దొరికితే.

మెట్లంటే గుర్తొచ్చింది, దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ కోసం 'నది కనిపించే కాటేజీ' ఫోటో చూసి బుక్ చేశాను. నేను అక్కడ ఎప్పుడూ పడుకోలేదు. రిసెప్షన్ నుంచి కాటేజీకి 64 మెట్లు దిగాలి. ఆవిడ రెండు రోజులు భోజనం కూడా గదికే తెప్పించుకున్నారు. తిరిగొచ్చాక ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పట్నుంచి నేనో, మా మనిషో రాత్రి పడుకుని చూడని గది పెద్దవాళ్లకి ఇవ్వలేదు. ఏ హోటల్‌లో ఏ గదికి ఎన్ని మెట్లు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, మంచం ఎత్తెంత, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో ఉన్నాయి. మీ డిజైనర్‌ని ఇది తప్పకుండా అడగండి: మీరు చెప్పే గదిలో మీరు పడుకున్నారా, ఏ నెలలో?

ఫోబ్జిఖా గురించి ఇంకొంచెం, ఎందుకంటే అమ్మగారికి అన్నిటికంటే నచ్చబోయేది అదేనని నా నమ్మకం. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో టిబెట్ వైపు నుంచి నల్లమెడ కొంగలు ఆ లోయకి వస్తాయి, చలికాలమంతా ఉంటాయి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ గాంగ్‌తే మఠం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తాయని ఊళ్లోవాళ్లు చెబుతారు. తీగలకు తగిలి చచ్చిపోకూడదని ఆ లోయలో కరెంటు తీగలు భూమి లోపల నుంచి వేశారు. ఏటా నవంబరు 11న మఠం ప్రాంగణంలో కొంగల పండుగ, బడిపిల్లలు కొంగ వేషాలు వేసుకుని ఆడతారు. సాయంత్రం కొంగలు మేత నుంచి తిరిగి చిత్తడి నేలకి దిగుతున్నప్పుడు వాటి అరుపు లోయంతా వినిపిస్తుంది. ఇది చూడటానికి నడవక్కర్లేదు. కిటికీ పక్కన కుర్చీ, శాలువా చాలు. తేదీలు ఇంకా ఖాయం కాలేదంటే పండుగకి కలిసొచ్చేట్టు చూడండి, కానీ ఆ రోజు జనం ఉంటారు, లాడ్జి చాలా ముందే బుక్ చేయాలి.

తిండికి టెన్షన్ వద్దు, కానీ ముందే చెప్పాలి. భూటాన్‌లో మిరపకాయ తాలింపులోది కాదు, కూర. ఎమా దత్షీ అంటే పచ్చిమిరపకాయలు, జున్నులాంటి చీజ్ కలిపి వండే కూర. మనవాళ్లకి కారం సమస్య కాదు. బంగాళదుంపతో కేవా దత్షీ, పుట్టగొడుగులతో శాము దత్షీ, ఎర్రబియ్యం అన్నం, పప్పు దొరుకుతాయి. రోజూ చీజ్ అయితే పెద్దవాళ్లకి పొట్ట బరువెక్కుతుంది. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తారా, సోమవారాలు ఉపవాసం ఉంటారా, అది మూడు వంటగదులకీ రాతపూర్వకంగా వెళ్లాలి. నేను మా ఇంటి చారు విధానం ఇంగ్లిష్‌లో రాసి పంపుతాను, చారుపొడి పొట్లం గైడ్ చేతికిస్తాను. నాలుగోరోజు రాత్రి అడక్కుండా చారన్నం వస్తే వాళ్ల మొహం ఎలా వెలుగుతుందో నాకు గైడ్లు చెబుతుంటారు.

గైడ్, డ్రైవర్ మొదటి రోజు నుంచి చివరిదాకా వాళ్లే ఉండాలి. మధ్యలో మార్చే ప్లాన్ ఒప్పుకోకండి. నాన్నగారు రైల్వే మనిషి కాబట్టి హిందీ వచ్చే ఉంటుంది. అక్కడ చాలామందికి హిందీ బాగా వచ్చు. వెళ్లేముందు ఒక మాట నేర్పండి: భూటాన్ భాష జోంగ్‌ఖాలో మర్యాదకి మాట చివర 'లా' చేరుస్తారు. మనం 'అండి' అన్నట్టే. 'కుజుజంగ్‌పో లా' అంటే నమస్కారమండి. 'కాద్రిన్ఛే లా' అంటే కృతజ్ఞతలండి. ఇద్దరూ ఒక్కరోజులో పట్టేస్తారు.

డబ్బు లెక్కలు. భూటాన్ 1974లో పర్యాటకులకి తలుపు తెరిచినప్పటి నుంచి తక్కువమంది రావాలి, వచ్చినవాళ్లు విలువ ఇవ్వాలి అన్న విధానం మీద నడుస్తోంది. రోజువారీ సుస్థిరాభివృద్ధి రుసుం అందులో భాగం. భారతీయులకి మనిషికి రాత్రికి 1,200 రూపాయలు, అంటే అమ్మానాన్నలకి 9 రాత్రులకి 21,600. మీది ఏ పాస్‌పోర్టో రాయలేదు. ఇండియన్ అయితే మీకూ 1,200. అమెరికన్ అయితే రాత్రికి 100 డాలర్లు, వీసా వేరే. ఇది 2022లో 200 డాలర్లు ఉండేది, 2023 సెప్టెంబరులో సగం చేశారు. అమ్మానాన్నలకి పాస్‌పోర్టు గానీ ఒరిజినల్ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ పనికిరాదు. పారోలో విమానం కొండల మధ్య నుంచి పైలట్ కంటితో చూస్తూ దించాలి, పగటిపూటే దిగుతాయి, వాతావరణం బాగాలేకపోతే ఆలస్యమో రద్దో అవుతుంది. అందుకని వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కోల్‌కతాలో ఒక రాత్రి పెట్టండి. మీ డాలస్ ఫ్లైట్‌కీ ఒక రోజు ఎడం ఉంచుకోండి.

ఇక 40 వేలు. ఏజెంట్ ప్లాన్ ఫ్రీగా ఇస్తున్నాడంటే అతని సంపాదన గది ధరలో ఉంది. హోటల్ ఇచ్చే కమీషనో, హోటల్ తనకిచ్చిన అసలు ధర మీద వేసుకున్న మార్కప్పో. అది మోసం కాదు, వ్యాపారం అలాగే నడుస్తుంది. కానీ ఎక్కువ గదులు, ఎక్కువ ఖరీదైన గదులు అమ్మితేనే అతనికి గిట్టుతుంది. బుమ్‌థాంగ్ వద్దు, ఇక్కడే నాలుగు రాత్రులు ఉండండి అని చెప్పడానికి అతనికి మనసు రాదు. ఫీజు తీసుకునేవారికి ఆ ఒత్తిడి తక్కువ. అయితే కొందరు ఫీజూ తీసుకుంటారు, కమీషనూ ఉంచుకుంటారు. నేరుగా అడగండి: హోటల్ కమీషన్ నాకు తగ్గిస్తారా, మీరే ఉంచుకుంటారా? ఉంచుకుంటే ఉంచుకోనివ్వండి, దాచకుండా చెబితే చాలు. పన్నులు, టీసీఎస్ (టూర్ బిల్లుతో పాటు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) విడిగా చూపించమనండి. టీసీఎస్‌ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, అందుకని ఎవరి పాన్ మీద బిల్లు వేస్తున్నారో చూసుకోండి. ఇంకో రెండు ప్రశ్నలు: ఫ్లైట్ రద్దయిన రాత్రి 11 గంటలకి నాన్నగారు ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? మా ప్లాన్‌లోంచి ఏదైనా తీసేయమంటే మీరు ఏది తీసేస్తారు? రెండోదానికి వెంటనే, కారణంతో సహా జవాబు వస్తే ఆ మనిషికి ఆ దేశం తెలుసు.

ఈ ప్రశ్నలకి మంచి జవాబులొస్తే 40 వేలు ఇవ్వండి, ఇద్దరు పెద్దవాళ్ల 9 రాత్రులకి అది ఎక్కువ కాదు. రాకపోతే ఆ 40 వేలు ఫోబ్జిఖా లాడ్జికి పెట్టి, మిగతాది నేను పైన రాసిన వరసలో ఏ ఏజెంట్‌తో అయినా బుక్ చేయించుకోండి. ఒక్క షరతు, గైడ్‌తో మీరు వీడియో కాల్‌లో అరగంట మాట్లాడాకే అడ్వాన్స్ కట్టండి.

ఎవరిని పెట్టుకున్నా, నాన్నగారు ఏ నది మీద ఏ వంతెనకి పనిచేశారో ఒక కాగితం మీద రాయించి, పాత ఫోటోలుంటే రెండు మూడు కలిపి గైడ్‌కి నెలముందే పంపండి. తచోగ్ దగ్గర గైడ్ ఆయనకి ఆ గొలుసుల గురించి చెప్పే ముందు, ఆయన్నే అడగాలి.